పచ్చబొట్టు – ప్రాచీన ఈజిప్టు చర్మచిహ్నాలు: ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆధునిక టాటూ కళకు మూలాలు ప్రాచీన ఈజిప్టులో ఉన్నాయన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ ప్రభావం నిజానికి ఏ దారిన వచ్చిందో పరిశీలించి, ఈజిప్టు స్త్రీల చర్మచిహ్నాలను అన్వయించడంలో పండితులు చేసిన పొరపాట్లు తెలుగునాట పచ్చబొట్టు అధ్యయనానికి ఎందుకు హెచ్చరిక కావాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పచ్చబొట్టు, ఎరుకల స్త్రీలు, ఈజిప్టు మమ్మీలు, టాటూ, నేరస్థ తెగల చట్టం, సీతానగరం.

1. ఉపోద్ఘాతం

విజయవాడ వంటి నగరంలో టాటూ వేయించుకోదలచిన యువకుని ముందుకు వచ్చే నమూనాలలో హోరస్ నేత్రం, జీవచిహ్నమైన అంఖ్ సాధారణంగా ఉంటాయి. అదే యువకుని మామ్మగారి గడ్డం మీద మూడు చుక్కలు, ముంజేతిమీద అలుక్కుపోయిన తేలు బొమ్మో, తులసికోటో ఉండవచ్చు. మొదటిదాన్ని మనం కళ అంటున్నాం; రెండవదాన్ని పాతకాలపు మోటు అలవాటు అంటున్నాం. అయితే ఈజిప్టు మమ్మీల చర్మంపై నిజంగా కనిపించిన చిహ్నాలలో చాలా భాగం మామ్మగారి చుక్కలకే దగ్గరగా ఉన్నాయి. ఇది రెండు దేశాల మధ్య సంపర్కానికి సాక్ష్యం కాదు. సూది, మసి, చర్మం ఉన్నచోట చుక్క, గీత ఎవరికైనా తోచే రూపాలే.

2. ఈజిప్టు ఆధారాలు – అన్వయ దోషాలు

1891లో డెయిర్ ఎల్ బహ్రీ వద్ద యూజీన్ గ్రెబో అమునెత్ అనే స్త్రీ మమ్మీని వెలికితీశారు. ఆమె 11వ రాజవంశ కాలానికి చెందిన హాథోర్ దేవత అర్చకురాలు. ఆమె పొత్తికడుపు మీద, చేతుల మీద, తొడల మీద చుక్కలు, చిన్న గీతలు వరుసలుగా ఉన్నాయి. ఆ తరువాత అక్కడే ఇటువంటి చిహ్నాలతో మరికొందరు స్త్రీలు బయటపడ్డారు. తొలితరం పండితులు వీరిని నర్తకులనీ, ఉంపుడుగత్తెలనీ నిర్ణయించారు. దేవాలయంలో హోదా ఉన్న స్త్రీ అని తెలిసినా, ఒంటిమీది చుక్కలను చూడగానే వారికి మరొక ఊహ రాలేదు. గర్భం పెరిగేకొద్దీ పొత్తికడుపు మీది చుక్కలు వలలాగా విప్పారుతాయనీ, అవి తల్లికీ బిడ్డకూ రక్షగా ఉద్దేశించినవనీ జోఆన్ ఫ్లెచర్ ప్రతిపాదించడానికి చాలాకాలం పట్టింది.

2014లో ఆన్ ఆస్టిన్ డెయిర్ ఎల్ మెదీనాలో గుర్తించిన స్త్రీ మొండెం మీద 30కి పైగా చిహ్నాలున్నాయి. వాటిలో హోరస్ నేత్రాలు, హాథోర్ గోవులు, తామరలు స్పష్టమైన బొమ్మలే. కొన్ని ఆమె తన చేత్తో తాను పొడుచుకోలేని చోట్ల ఉన్నాయి. అంటే పొడిచే నైపుణ్యం గల మరొకరు ఆ ఊరిలో ఉండి ఉండాలి. ఈ రెండవ మనిషి గురించి మనం సాధారణంగా ఆలోచించం. ఈ వ్యాసం ప్రధానంగా ఆ మనిషి గురించే.

ఇక ప్రభావం సంగతి. నేటి దుకాణాలలోని హోరస్ నేత్రం సమాధుల గోడల నుంచి, తాయెత్తుల నుంచి, 1922లో టుటన్‌ఖామెన్ సమాధి బయటపడిన తరువాత ప్రపంచమంతటా వ్యాపించిన ఈజిప్టు మోజు నుంచి వచ్చింది. డెయిర్ ఎల్ మెదీనా స్త్రీ చర్మాన్ని పరిశీలించేనాటికే ఆ బొమ్మ వాడుకలో ఉంది. టాటూ అన్న మాట పాలినీషియాది. విద్యుత్ టాటూ యంత్రానికి న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ పేటెంటు పొందినది, యాదృచ్ఛికంగా, అమునెత్ దొరికిన 1891లోనే. కాబట్టి ఈజిప్టు నుంచి ఆధునిక టాటూకు వచ్చినది బొమ్మల అరువు మాత్రమే. గురుశిష్య పరంపర కాదు.

3. పచ్చబొట్టు పొడిచిన చేతులు

తెలుగునాట ఆ పరంపర ఉంది. ఎరుక చెప్పడం, పచ్చబొట్టు పొడవడం ఎరుకల స్త్రీల వృత్తులు. ఆదిలాబాదు గోండుల మధ్య ఈ పని తోటి స్త్రీలది. ఎడ్గర్ థర్‌స్టన్ తమిళ దేశపు కొరవ స్త్రీల పద్ధతిని వివరంగా నమోదు చేశారు. కొరవలు, ఎరుకలవారు ఒకే సముదాయపు శాఖలని ఆయన అభిప్రాయం. పసుపు, అవిసె ఆకు కలిపి నూరి, పలుచని గుడ్డకు పట్టించి, వత్తిగా చుట్టి, ఆముదపు ప్రమిదలో వెలిగిస్తారు. దానిపై కొత్త కుండ బోర్లిస్తారు. కుండ లోపల పేరుకున్న మసిని గీకి చనుబాలతోగాని నీటితోగాని కలుపుతారు. దారంతో కలిపి కట్టిన మూడు నాలుగు కుట్టుసూదులే పనిముట్టు.

మసి నల్లనిది, బొట్టు మాత్రం పచ్చనిది. చర్మం లోపలి పొరలో చేరిన మసిరేణువులను మనం పైపొర గుండా చూస్తాం. ఆ పొరలో కాంతి చెదరడం వల్ల నలుపు మనకు పచ్చగా, నీలంగా కనబడుతుంది. రేణువులను మింగిన కణం చనిపోతే వాటిని మరొక కణం అందుకుంటుందని 2018లో ఎలుకలపై జరిగిన ఒక ఫ్రెంచి పరిశోధన తేల్చింది. ఒళ్ళంతా మారుతున్నా బొట్టు నిలిచే రహస్యం ఇదే.

ప్రయోజనాలు ఒక్కటి కావు. పోయేటప్పుడు నగలన్నీ తీసివేస్తారు, వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనన్న నమ్మకం ప్రసిద్ధం. నొప్పుల నివారణకు పొడిపించుకోవడాన్నీ థర్‌స్టన్ ప్రస్తావించారు. భర్త పేరు నోట పలకరాదన్న ఆచారం ఉన్న ఇళ్ళలో, చదువురాని స్త్రీ ముంజేతిమీది అక్షరాలకున్న విలువ మరొకటి. వీటన్నిటినీ ‘అలంకరణ’ అన్న ఒక్క మాట కింద చేర్చే వ్యాసాలు అమునెత్ విషయంలో జరిగిన పొరపాటునే మరో రూపంలో చేస్తున్నాయని నా అభిప్రాయం.

4. ముద్ర వేసిన రాజ్యం

ఒంటిమీది గుర్తును రాజ్యమూ వాడుకుంది. బెంగాలు, మద్రాసు ప్రెసిడెన్సీలలో కొన్ని నేరాలకు దోషి నుదుటిపై పచ్చబొట్టుగా నేరం పేరు పొడిచే శిక్ష 1849లో రద్దయ్యేవరకు అమలులో ఉండేది. ఆ తరువాత వ్యక్తికి బదులు సముదాయానికే ముద్ర పడింది. 1911 నాటి నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది. ఎరుకలవారు ఉప్పు, ధాన్యం మోసుకు తిరుగుతూ చేసిన వర్తకాన్ని ప్రభుత్వ ఉప్పు విధానం, రైళ్ళు దెబ్బతీసిన తీరును మీనా రాధాకృష్ణ తన ‘డిసానర్డ్ బై హిస్టరీ’ (2001) గ్రంథంలో చర్చించారు. సంచారమే అనుమానమైంది. బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురంలోను, విజయవాడకు ఎదురుగా కృష్ణ ఆవలి ఒడ్డున ఉన్న సీతానగరంలోను సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో సెటిల్‌మెంట్లు వెలిశాయి.

పచ్చబొట్టు ఊరూరా తిరిగితేనే బతికే వృత్తి. గడప గడపకూ, తిరునాళ్ళకూ వెళ్ళవలసిన స్త్రీ హాజరు పట్టీకి, అనుమతి చీటీకి కట్టుబడితే సూదులు మూలపడక తప్పదు. పచ్చబొట్టు క్షీణతకు నాగరికత, చదువు కారణాలని చెప్పేటప్పుడు ఈ చట్టాన్ని విస్మరించడం సరికాదు. మద్రాసు రాష్ట్రంలో 1947లోను, దేశవ్యాప్తంగా 1952లోను అది రద్దయింది. ‘నేరస్థులు’ అన్న పేరు మాత్రం అంత త్వరగా చెరగలేదు.

5. క్షేత్రపరిశోధనకు ఒక సూచన

ఈజిప్టు చర్మం ఎండి నిలిచింది. మన చర్మం చితిలోనో మట్టిలోనో కలుస్తుంది. అందుచేత పచ్చబొట్టు ధరించిన స్త్రీలు జీవించి ఉండగానే, వారి అనుమతితో, నమోదు జరగాలి. ఏ బొమ్మ అని అడగడంతో సరిపోదు. ఎవరు పొడిచారు, ఏ వయసులో, ఎక్కడ కూర్చోబెట్టి, డబ్బుకా ధాన్యానికా, ఆమె ఏ ఊరినుంచి వచ్చేది, రావడం ఎప్పుడు మానింది అన్నవీ అడగాలి. ఎరుకల కుటుంబాలలోని వృద్ధులనూ విడిగా కలవాలి. ఇంతవరకు ప్రశ్నలన్నీ పొడిపించుకున్నవారికే వెళ్ళాయి.

వయసుతో అలుక్కుపోయిన గుర్తుల విషయంలో బ్రిటిష్ మ్యూజియం అనుభవం పనికివస్తుంది. ఐదువేల ఏళ్ళ నాటి గెబెలీన్ పురుషుని చేతిమీది నల్లమరకను శతాబ్దానికి పైగా ఎవరూ పట్టించుకోలేదు. 2018లో ప్రకటించిన పరారుణ ఛాయాచిత్రాలలో అది అడవి ఎద్దుగా, కొండగొర్రెగా తేలింది. పరారుణ కిరణాలను చర్మం చాలావరకు వెనక్కు పంపుతుంది, మసి పీల్చుకుంటుంది. ఆ సౌకర్యం ఉన్న కెమెరా ఇప్పుడు కళాశాలలకు అందుబాటులో లేని వస్తువేమీ కాదు. ఎనభై ఏళ్ళ ముంజేతిమీద పచ్చని మరకగా మిగిలిన పేరు అందులో మళ్ళీ అక్షరాలుగా కనిపించే అవకాశం ఉంది.