ఇతర రాష్ట్ర నివాసికి ఆయుధ లైసెన్సు: ఉత్తరాంధ్ర సరిహద్దు జిల్లాల నేపథ్యంలో ఒక వివరణ

వ్యాస సంగ్రహం

భారతదేశంలో తుపాకి కలిగి ఉండటాన్ని నియంత్రించే చట్టం దేశమంతటికీ ఒక్కటే. ఆ చట్టం కింద లభించే లైసెన్సు మాత్రం దానిపై రాసిన ప్రాంతానికే పరిమితం. అందువల్ల ఒక రాష్ట్రంలో లైసెన్సు పొంది మరొక రాష్ట్రానికి వచ్చినవారు, సొంత రాష్ట్రం విడిచి వేరొక చోట దరఖాస్తు చేసుకొనేవారు తెలియకుండానే నేరం అంచుకు చేరే ప్రమాదం ఉంది. ఒడిశా సరిహద్దున ఉన్న శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నేపథ్యంలో ఈ అంశంలోని చట్టపరమైన ఏర్పాట్లను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఆయుధాల చట్టం, లైసెన్సు పరిధి, నివాసం, మాజీ సైనికులు, సరిహద్దు గ్రామాలు, ఉత్తరాంధ్ర.

1. ప్రవేశిక

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 5వ అంశంగా ఆయుధాలు, తుపాకులు, మందుగుండు, పేలుడు పదార్థాలు చేరాయి. కాబట్టి ఈ విషయంపై శాసనం చేసే అధికారం పార్లమెంటుది. 1878 నాటి వలస పాలనా చట్టం స్థానంలో వచ్చిన 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. దాని కింద 1962లో చేసిన నిబంధనల స్థానంలో 2016లో కొత్త నిబంధనలు వచ్చాయి. చట్టం కేంద్రానిదైనా, సాధారణ పౌరుడికి లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు. విశాఖపట్నం వంటి కమిషనరేట్లలో పోలీసు కమిషనరు. నిషిద్ధ బోరు ఆయుధాలు మాత్రం కేంద్ర హోం మంత్రిత్వ శాఖ చేతిలో ఉన్నాయి. చట్టం దేశానిది, లైసెన్సు జిల్లాది అన్న ఈ అమరికే ఇతర రాష్ట్ర నివాసి ఎదుర్కొనే చిక్కులకు మూలం.

2. ప్రాంతీయ నేపథ్యం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఆ వైపు చేరగా, కూతవేటు దూరంలోని పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో మిగిలింది. శ్రీకాకుళం జిల్లా 1950లోను, విజయనగరం జిల్లా 1979లోను ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న ఈ రెండింటి నుంచి పార్వతీపురం మన్యం జిల్లా వేరుపడింది. సరిహద్దులు మారినా బంధుత్వాలు, భూములు, వ్యాపారాలు మారలేదు. ఇచ్ఛాపురం వాసికి బరంపురంలో దుకాణం ఉండటం, పాతపట్నం వాసికి పర్లాకిమిడిలో పొలం ఉండటం ఇక్కడ సహజం.

ఆయుధం ఈ నేలపై కేవలం కాగితపు వ్యవహారం కాదు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న గిరిజనులపై లేవిడి వద్ద భూస్వాముల పక్షం జరిపిన కాల్పుల్లో కోరన్న, మంగన్న మరణించారు. శ్రీకాకుళ గిరిజన పోరాటం సాయుధ రూపం దాల్చడానికి ఆ ఘటన ఒక ముఖ్య కారణమైంది. తుపాకి ఎవరి చేతిలో ఉండాలి, ఎవరి అనుమతితో ఉండాలి అన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలో ఉన్న బరువును ఆ చరిత్ర నుంచే గ్రహించాలి.

3. దరఖాస్తు: నివాసమా? వృత్తిస్థానమా?

దరఖాస్తుదారు సాధారణంగా నివసించే చోటు గాని, వృత్తి సాగించే చోటు గాని ఏ అధికారి పరిధిలో ఉంటుందో ఆ అధికారికే దరఖాస్తు చేయాలి. ఇతర రాష్ట్రంలో పుట్టడం గాని, అక్కడ శాశ్వత చిరునామా ఉండటం గాని అనర్హత కాదు. పైడిభీమవరం పారిశ్రామిక ప్రాంతంలో పనిచేస్తున్న ఒడిశా వాసి ఆ ఆధారంతో శ్రీకాకుళం జిల్లా యంత్రాంగాన్ని ఆశ్రయించవచ్చు. అయితే అతని పూర్వ చరిత్ర సొంత జిల్లాలో ఉంటుంది కనుక విచారణ రెండు చోట్ల జరగవలసి రావచ్చు.

దరఖాస్తుపై సమీప పోలీసు స్టేషను అధికారి నివేదికను కోరడం 13వ సెక్షను ప్రకారం తప్పనిసరి. 2016 నిబంధనలు ఈ నివేదికకు 30 రోజుల గడువునూ, అది అందిన తరువాత నిర్ణయానికి 60 రోజుల గడువునూ నిర్దేశించాయి. గడువులోగా నివేదిక రాకపోతే దానికోసం ఆగకుండా ఉత్తర్వు ఇచ్చే అధికారం లైసెన్సు అధికారికి ఉంది. 21 ఏళ్లు నిండనివారు సాధారణంగా అనర్హులు. హింసాత్మక నేరాల్లోను, నైతిక పతనంతో కూడిన నేరాల్లోను శిక్షపడినవారికి 9వ సెక్షను కింద నిషేధం వర్తిస్తుంది. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదని 14వ సెక్షను స్పష్టం చేస్తోంది. తిరస్కరణకు కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిపై 18వ సెక్షను కింద అప్పీలు చేసుకోవచ్చు.

4. పరిధి: లైసెన్సులోని అసలు గీత

ప్రతి లైసెన్సుపైనా అది చెల్లే ప్రాంతం రాసి ఉంటుంది. అది ఒక జిల్లా కావచ్చు, రాష్ట్రం కావచ్చు, దేశమంతా కావచ్చు. అఖిల భారత పరిధి అందరికీ లభించదు. దేశంలో ఎక్కడైనా పనిచేయవలసిన సైనికులు, అఖిల భారత సర్వీసుల అధికారులు వంటి వర్గాలకు అది సాధారణంగా సాధ్యమవుతుంది. తక్కినవారు విస్తృత పరిధి ఎందుకు అవసరమో నిరూపించుకోవాలి.

దీని ఆచరణ ఫలితాన్ని సరిహద్దులో సులభంగా చూడవచ్చు. గజపతి జిల్లా పరిధితో లైసెన్సు ఉన్న వ్యక్తి పర్లాకిమిడిలో తుపాకి ధరించడం చట్టబద్ధం. అదే తుపాకితో పాతపట్నం చేరితే అతని వద్ద ఉన్న కాగితం ఆ నేలకు వర్తించదు. తన లైసెన్సు చెల్లని ప్రాంతం గుండా ప్రయాణించవలసినవారి కోసం నిబంధనల్లో ప్రయాణ లైసెన్సు అనే వేరు ఏర్పాటు ఉంది. లైసెన్సు షరతుల ఉల్లంఘనకు 30వ సెక్షను ఆరు నెలల వరకు జైలు గాని, రెండు వేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధిస్తుంది. అసలు లైసెన్సే లేదని తేలితే 25వ సెక్షను వర్తిస్తుంది. 2019 సవరణ తరువాత ఆ శిక్ష రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు ఉంటుంది.

కోటియా గ్రామాల పరిస్థితి ఇంకా సంక్లిష్టం. సాలూరు మండలానికీ కొరాపుట్ జిల్లాకూ నడుమ ఉన్న ఈ పల్లెలపై ఆంధ్రప్రదేశ్, ఒడిశాల వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకు చేరింది. రెండు రాష్ట్రాల గుర్తింపు పత్రాలూ ఉన్న కుటుంబాలు అక్కడ ఉన్నాయి. రెండు చోట్ల ఓటు, రేషను సాగినట్లు రెండు లైసెన్సులు సాగవు. జాతీయ సమాచార నిధిలో ప్రతి లైసెన్సుదారుకూ ఒకే విశిష్ట గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య లేని లైసెన్సు చెల్లదు.

5. కప్పి ఉంచడం: అనుమతి కాదు, విధి

అమెరికాలో తుపాకిని దుస్తుల కింద దాచి ధరించడానికి అనేక రాష్ట్రాలు ప్రత్యేక అనుమతి పత్రం ఇస్తాయి. భారతదేశంలో అటువంటి విడి అనుమతి లేదు. 2016 నిబంధనల్లోని 32వ నిబంధన ప్రకారం బహిరంగ ప్రదేశంలో పిస్తోలు, రివాల్వరు వంటివాటిని ఒరలో పెట్టి శరీరానికి తగిలించుకోవాలి. ఆయుధం పూర్తిగా కప్పబడి ఉండాలి, ధరించినవారి అదుపులో ఉండాలి. దాన్ని బయటకు తీసి ప్రదర్శించడం నిషిద్ధం. అంటే అక్కడ ప్రత్యేక హక్కుగా అడిగే దాపరికం ఇక్కడ లైసెన్సుదారులందరికీ విధించిన బాధ్యత. పెళ్లి ఊరేగింపుల్లో గాలిలోకి కాల్చడాన్ని 2019 సవరణ ప్రత్యేక నేరంగా చేసి, రెండేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని నిర్దేశించింది.

6. తిరిగివచ్చే మాజీ సైనికుడు

ఉత్తరాంధ్ర పల్లెల నుంచి సైన్యంలోను, కేంద్ర బలగాల్లోను చేరినవారు ఎందరో. పదవీ విరమణ తరువాత బ్యాంకులు, నగదు వాహనాల వద్ద సాయుధ కాపలా పని వారికి ఒక జీవనాధారం. కొలువులో ఉన్న రాష్ట్రంలో లైసెన్సు తీసుకొని, ఆయుధంతో స్వగ్రామం చేరేవారు చేయవలసిన పని ఒకటుంది. కొత్త నివాసంలోని లైసెన్సు అధికారికీ, లైసెన్సు ఇచ్చిన పాత అధికారికీ నిర్ణీత గడువులోగా నివాస మార్పును తెలియజేయాలి. ఆ తరువాత లైసెన్సు నిజమైనదేనని పాత జిల్లా ధ్రువీకరించాలి.

ఈ ధ్రువీకరణ ఎంత కీలకమో జమ్ము కశ్మీర్ ఉదంతం తెలుపుతుంది. 2012-2016 మధ్య అక్కడ 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అనర్హులకు జారీ అయ్యాయన్న ఆరోపణపై సి.బి.ఐ. దర్యాప్తు చేపట్టింది. దళారి చేతిలో డబ్బు పోసి కాగితం తెచ్చుకొన్న జవాను తాను చట్టాన్ని పాటించాననే భావిస్తాడు. ఆ కాగితం నకిలీదని తేలిన రోజున అతని ఉద్యోగం, ఆయుధం, స్వేచ్ఛ మూడూ ప్రశ్నార్థకమవుతాయి. వ్యక్తిగత రక్షణకు తీసుకొన్న లైసెన్సు వేరు, సంస్థ పేరిట ఉండి కాపలాదారు పేరు రిటైనరుగా చేర్చే లైసెన్సు వేరు అన్న తేడాను కూడా ఉద్యోగంలో చేరే ముందే గుర్తించాలి.

7. పంట రక్షణ తుపాకులు

పంట రక్షణకై గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకికి 13వ సెక్షను ప్రత్యేక స్థానం ఇచ్చింది. మన్యంలో వాడుకలో ఉన్న నాటు తుపాకి ఈ కోవలోనిదే అయినా, లైసెన్సు లేకుండా ఉంచుకోవడం నేరమే. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు, సీతంపేట, పార్వతీపురం ప్రాంతాల్లో ఒడిశా వైపు నుంచి వచ్చే ఏనుగులు ప్రాణనష్టం కలిగించిన మాట వాస్తవం. అయినా ఇవి రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని జంతువులు. పంట లైసెన్సు వాటిని కాల్చే అనుమతి కాదు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కొత్త లైసెన్సు ఇవ్వాలంటే ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి అవసరం.

8. ప్రవాసాంధ్రుల పరిస్థితి

అమెరికాలోని తెలుగువారికి ఇదే సమస్య తలకిందులుగా ఎదురవుతుంది. అక్కడ రాష్ట్రాల చట్టాలే వేరు. యూటా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాలు ఇతర రాష్ట్రాలవారికీ అనుమతి పత్రం ఇస్తాయి. దాన్ని గుర్తించాలా వద్దా అన్నది ప్రతి రాష్ట్రం ఇష్టం. 2022లో ఆ దేశ సుప్రీంకోర్టు ఇంటి వెలుపల తుపాకి ధరించడాన్ని రాజ్యాంగ హక్కుగా గుర్తించింది. అయితే విద్యార్థి వీసాపైనా, హెచ్‌-1బి వీసాపైనా ఉన్నవారు తుపాకి కలిగి ఉండటాన్ని అక్కడి కేంద్ర చట్టం నిషేధిస్తోంది. వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. రాష్ట్రం అనుమతించినా కేంద్రం శిక్షించగలదన్న సంగతి కొత్తగా వెళ్లినవారు తెలుసుకోవాలి.

9. ముగింపు

• ఇతర రాష్ట్ర నివాసి కావడం లైసెన్సుకు అడ్డంకి కాదు. నివాసం గాని, వృత్తిస్థానం గాని ఆ అధికారి పరిధిలో ఉన్నట్లు చూపగలగాలి.
• లైసెన్సు ఉన్నదా అన్న ప్రశ్నతో పాటు, అది ఎక్కడ చెల్లుతుంది అన్న ప్రశ్న సరిహద్దు జిల్లాల్లో సమాన ప్రాధాన్యం గలది.
• తుపాకిని కప్పి ఉంచడం భారతీయ నిబంధనల్లో హక్కు కాదు, బాధ్యత.
• నివాస మార్పును సకాలంలో తెలపడం, దళారులను దూరం పెట్టడం మాజీ సైనికులకు అత్యవసరం.
• ప్రయాణ లైసెన్సు, నివాస మార్పు విధానాలపై తెలుగులోను, ఒడియాలోను సరళమైన సమాచారం సరిహద్దు పోలీసు స్టేషన్లలోను, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లోను అందుబాటులో ఉంటే, ఉద్దేశం లేని ఉల్లంఘనలు చాలావరకు తగ్గుతాయి.