తెరవగానే మొరాయించే రికార్డింగ్ సాఫ్ట్‌వేరు

2022లో ఒక డిగ్రీ విద్యార్థిని ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. జానపద సాహిత్యం ప్రాజెక్టు కోసం వాళ్ల అమ్మమ్మ చేత తిరగలి పాటలు పాడించి, 50 నిమిషాలపాటు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో రికార్డు చేసింది. చివరి పాట సాగుతుండగా బ్యాటరీ అయిపోయి యంత్రం ఆగిపోయింది. మర్నాటి నుంచి ఆడాసిటీ తెరిచినప్పుడల్లా తెరమీద రెండు పెట్టెలు ప్రత్యక్షం. డిస్కులో చోటు చాలా తక్కువగా ఉందని మొదటిది చెబుతుంది. క్రితంసారి సరిగా భద్రపరచని ప్రాజెక్టు ఒకటి ఉంది, ఏం చేయమంటారని రెండోది అడుగుతుంది. తెలిసినవాళ్లందరూ ఇచ్చిన సలహా ఒక్కటే: తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యమని. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అవే పెట్టెలు. "సార్, పాటలు పోయినట్టేనా?" అని అడిగింది. అమ్మమ్మకు ఒంట్లో బాగాలేదు. మళ్లీ పాడగలదో లేదో తెలియదు.

ఆ సంగతికి వచ్చేముందు, సాఫ్ట్‌వేరు తెరుచుకునే ఆ కొద్ది క్షణాల్లో లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఆడాసిటీనే ఉదాహరణగా తీసుకుందాం. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1999లో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేరు ఇది. 2000 మే నెలలో విడుదలైంది. ఉచితం కనుక విద్యార్థులకు అందుబాటులో ఉంటుంది.

బొమ్మ మీద మనం రెండుసార్లు నొక్కగానే అది ముందుగా తన పాత అమరికల ఫైలును చదువుకుంటుంది. తాత్కాలికంగా ధ్వనిని దాచుకునే ఫోల్డరు ఉందా, అందులో రాయడానికి వీలుందా, చోటుందా అని చూస్తుంది. తన ప్రతి మరొకటి ఇప్పటికే నడుస్తోందేమో చూసుకుంటుంది. ఆపైన మైకు, స్పీకరు వంటి ధ్వని పరికరాలను పలకరిస్తుంది. ప్లగిన్లను, అంటే ఇతరులు తయారుచేసిన అదనపు హంగులను లెక్క చూసుకుంటుంది. చివరగా, క్రితంసారి అర్ధాంతరంగా ఆగిపోయిన పని ఏదైనా మిగిలిందా అని వెతుకుతుంది. ఇన్ని పనులూ అయితేనే పని సాఫీగా మొదలవుతుంది. కనుక వచ్చిన సందేశాన్ని బట్టి బండి ఏ మజిలీలో ఆగిందో చెప్పవచ్చు. చాలామంది ఆ సందేశాన్ని చదవకుండానే ఓకే నొక్కేస్తారు. నేనైతే ముందు దాన్ని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోమంటాను.

ఇక మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే తప్పు ఎందుకు పోదు? సాఫ్ట్‌వేరు ఒకచోట, మన అమరికలు మరోచోట ఉంటాయి కాబట్టి. విండోస్‌లో ఆడాసిటీ సాఫ్ట్‌వేరు ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డరులో కూర్చుంటుంది. దాని అమరికలు మాత్రం వాడుకరి ఖాతాలోని యాప్‌డేటా అనే దాగిన ఫోల్డరులో, రోమింగ్ అనే గదిలో ఉంటాయి. అద్దె ఇంటికి సున్నం వేయించినంత మాత్రాన పాత సామాను మారిపోదు కదా! కొత్తగా వచ్చిన సాఫ్ట్‌వేరు కూడా అదే పాత ఫైలును తెరిచి చదువుతుంది, అక్కడే తడబడుతుంది. ఆడాసిటీ డాట్ సీఎఫ్‌జీ అనే ఆ ఫైలు మీద అనుమానం ఉంటే దాన్ని చెరిపేయకండి. సాఫ్ట్‌వేరును మూసి, ఫైలు పేరు చివర 'పాతది' అని చేర్చండి. తెరవగానే కొత్త ఫైలు దానంతటదే పుడుతుంది. తప్పు పోతే కారణం దొరికినట్టే. పోకపోతే పాత పేరు తిరిగి పెట్టేయవచ్చు, నష్టం ఏమీ లేదు.

'ఎర్రర్ ఇనీషియలైజింగ్ ఆడియో' అనే సందేశం వస్తే పరికరాలను పలకరించే మజిలీలో ఆగిందని అర్థం. అప్పుడు ఆడాసిటీని వదిలేసి, మరేదైనా ప్లేయరులో ఒక పాట పెట్టి చూడండి. అందులోనూ మోగకపోతే తప్పు ఆడాసిటీది కాదు. విండోస్ ఆడియో అనే సేవ ఆగిపోయి ఉండవచ్చు, సౌండు డ్రైవరు చెడి ఉండవచ్చు, పరికరాలన్నిటినీ ఎవరో నిలిపివేసి ఉండవచ్చు. ఒక చిన్న మాట. ఆడాసిటీ పరికరాల జాబితాను తెరుచుకునేటప్పుడే రాసుకుంటుంది. యూఎస్‌బీ మైకును తర్వాత తగిలిస్తే దానికి కనబడదు. ముందే తగిలించండి, లేదా మెనూలోని రీస్కాన్ ఆడియో డివైసెస్ నొక్కండి. దీన్ని జబ్బుగా భావించి డ్రైవర్లన్నీ తీసేసినవాళ్లను చూశాను.

ఇప్పటికే నడుస్తోందని సందేశం వచ్చి, కిటికీ ఎక్కడా కనబడకపోతే, పాత ప్రతి తెర వెనుక చిక్కుకుపోయి ఉంటుంది. టాస్క్ మేనేజరులోకి వెళ్లి దాన్ని ముగించండి, లేదా యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

అసలు చిక్కు ప్లగిన్లతో. సందేశం కూడా రాకుండా సాఫ్ట్‌వేరు తెరుచుకుంటూనే మాయమైపోతే నేను మొదట అనుమానించేది వీటినే. మీ దగ్గర 16 ప్లగిన్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటే తీసి చూస్తే దురదృష్టం కొద్దీ 15 సార్లు తెరవాల్సి రావచ్చు. అలాకాక 8 ప్లగిన్లను వేరే ఫోల్డరుకు తరలించి తెరవండి. సాఫీగా తెరుచుకుందా, దొంగ ఆ తీసిన ఎనిమిదిలో ఉన్నాడు. తెరుచుకోలేదా, మిగిలిన ఎనిమిదిలో ఉన్నాడు. ఆ ఎనిమిదిని నాలుగుగా, నాలుగును రెండుగా, రెండును ఒకటిగా విడదీస్తే నాలుగే నాలుగు ప్రయత్నాల్లో పట్టుబడతాడు. 32 ఉంటే ఐదు, 1024 ఉన్నా పదే! గణితంలో 2 మూలంగా సంవర్గమానం నేర్చుకునేటప్పుడు ఇదెందుకని విసుక్కున్నవారికి ఇదొక జవాబు. అయితే దొంగ ఒక్కడే అన్న నమ్మకం మీద ఈ లెక్క నడుస్తుంది. ఇద్దరుంటే ఒకణ్ణి పట్టుకున్నాక మళ్లీ మొదలుపెట్టాలి. క్యూబేస్ వంటి పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఇంకో సదుపాయం ఉంది. అది తెరుచుకుంటుండగా కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ మీటలు కలిపి నొక్కిపడితే, అమరికలను పక్కనబెట్టి తెరవనా అని అదే అడుగుతుంది.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమె పెట్టెలు రెండూ వేర్వేరు మజిలీలకు చెందినవి. మొదటిది చోటు గురించి. మామూలుగా ఆడాసిటీ సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 4 బైట్లు రాసుకుంటుంది. ఒకే మైకుతో, మోనోలో 50 నిమిషాలంటే దాదాపు 529 మెగాబైట్లు. స్టీరియో అయితే దానికి రెట్టింపు. సినిమాలతో నిండిన ఆమె డిస్కులో మిగిలిన కాస్త చోటునూ అమ్మమ్మ గొంతు ఆక్రమించింది. అంటే పాటలు డిస్కులోనే ఉన్నాయన్నమాట!

రెండో పెట్టె తప్పు కాదు, సాయం. అందులో రికవర్ అనే బటనూ ఉంటుంది, డిస్కార్డ్ అనే బటనూ ఉంటుంది. రెండోది నొక్కితే రికార్డింగు శాశ్వతంగా పోతుంది. ఏది నొక్కితే ఏమవుతుందోనని భయపడి ఆమె ప్రతిసారీ క్విట్ నొక్కి బయటికి వచ్చేసింది. అందుకే ఆ పెట్టె మళ్లీ మళ్లీ వచ్చింది, అందుకే పాటలూ మిగిలాయి.

ముందుగా ఏ బటనూ ముట్టుకోలేదు. యాప్‌డేటాలోని లోకల్, అందులో ఆడాసిటీ, అందులో సెషన్‌డేటా అనే ఫోల్డరును మొత్తంగా పెన్‌డ్రైవులోకి నకలు తీశాం. ఆడాసిటీ 3వ వెర్షన్ నుంచి ప్రాజెక్టు అంతా ఒకే డేటాబేస్ ఫైలుగా ఉంటుంది. దాని పక్కనే 'వాల్' అనే తోక ఉన్న మరో ఫైలు కనిపిస్తే దాన్ని వదిలేయకూడదు, చివరగా రాసిన భాగం అందులో ఉండవచ్చు. ఆ తర్వాత సినిమాలను వేరే డిస్కుకు తరలించి చోటు చేశాం. తెరిచాం. మొదటి పెట్టె రాలేదు. రెండోది వచ్చింది. రికవర్ నొక్కమన్నాను. తెరమీద నీలిరంగు తరంగం పరుచుకుంది. వెంటనే సేవ్ చేయించాను.

చివరి పాటలో ఆఖరి చరణం మాత్రం సగంలో తెగింది. ఆ చరణాన్ని అమ్మమ్మ సంక్రాంతి సెలవుల్లో మళ్లీ పాడిందట. ఈసారి ల్యాప్‌టాపు ఛార్జరుకు తగిలించే ఉంది.