పైన కూడిక, కింద గుణకారం

ఘాతాంక న్యాయాలు అనగానే పుస్తకం మూసి గడగడా వల్లె వేస్తున్నారు. వద్దర్రా! అవన్నీ ఒక చిన్న పట్టికలోంచి పుట్టుకొస్తాయి. మిఖాయేల్ స్టీఫెల్ అనే జర్మన్ గణితజ్ఞుడు 1544లో తన పుస్తకంలో వేసిన పట్టిక అది. ఒక కాగితం తెచ్చుకుని మీరూ వేయండి.

పై వరసలో 0, 1, 2, 3, 4, 5, 6 రాయండి. సరిగ్గా వాటి కింద 1, 2, 4, 8, 16, 32, 64. కింది వరస అడుగడుక్కీ రెట్టింపవుతుంది. ఎన్నిసార్లు రెట్టింపయిందో పై అంకె చెబుతుంది. పైనున్నది ఘాతాంకం. కింద మాటిమాటికీ గుణిస్తున్న 2 భూమి.

ఇప్పుడు 4ను 16తో గుణించాలి. 4 నెత్తిన 2 ఉంది, 16 నెత్తిన 4 ఉంది. రెండూ కూడితే 6. ఆ 6 కింద చూడండి, 64! ఎందుకలా వచ్చింది? 4 అంటే రెండు రెండ్ల గుణకారం, 16 అంటే నాలుగు రెండ్ల గుణకారం. కలిపితే ఆరు రెండ్లు. 2² × 2⁴ = 2⁶ అన్నది ఇంతే.

భాగహారంలో కొట్టివేతలు. 64 ÷ 8లో, 64లోని ఆరు రెండ్లలో మూడు కొట్టేస్తే మూడు మిగులుతాయి. అందుకే ఘాతాంకాలు తీసివేస్తాం. (2³)² అంటే మూడేసి రెండ్ల గుంపులు రెండు, అంటే 2⁶. అక్కడ ఘాతాంకాలు గుణించాలి. 2³ × 5³లో ఒక్కో రెండుకీ ఒక ఐదు జత కుదురుతుంది. మూడు పదులు, అంటే 1000.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. 2² + 2⁴ అంటే 4 + 16, అంటే 20. దాన్ని 2⁶ అని రాయకండి. ఘాతాంకాలు కూడే న్యాయం గుణకారానిదే.

“సున్నా సార్లు గుణిస్తే సున్నా కదా, 1 ఎలా వచ్చింది తాతయ్యా?” అంటారా? పట్టికలో వెనక్కి నడవండి. 8లో సగం 4, దాన్లో సగం 2, ఆ 2లో సగం 1. దాని నెత్తిన 0 ఉంది. అందుకే 2⁰ = 1. సున్నా తప్ప ఏ భూమికైనా ఇదే వరస. అక్కడ ఆగకుండా ఇంకా వెనక్కి వెళితే 1/2, 1/4, 1/8 వస్తాయి. వాటి నెత్తిన −1, −2, −3. స్టీఫెల్ కూడా తన పట్టికను ఇలాగే వెనక్కి సాగించాడు. ఘాతాంకం రుణమైతే విలువ రుణం కాదు, భిన్నమవుతుందని అందులోనే కనిపిస్తుంది.

గుణకారాన్ని కూడికగా మార్చే ఈ కిటుకే, 1614లో స్కాట్లండ్‌కు చెందిన జాన్ నేపియర్ ప్రకటించిన సంవర్గమానాలకు ప్రాణం. కాలిక్యులేటర్లు లేని రోజుల్లో మేమంతా ఆ సంవర్గమానాల పట్టికలు, అంటే లాగ్ టేబుల్స్, తిరగేసే పెద్ద లెక్కలు చేసేవాళ్లం.

పరీక్షలో ఏ న్యాయమో గుర్తు రాకపోతే కంగారుపడకండి. చిన్న అంకెలు తీసుకుని, గుణకారం విడదీసి రాయండి. న్యాయం దానంతటదే బయటపడుతుంది. ఇప్పుడు 3 భూమిగా ఇలాంటి పట్టికే ఇంకో గడి ఎక్కువ వేసి, 27 × 81 ఎంతో గుణించకుండా చెప్పండి చూద్దాం.