ఎంఏలో పొలిటికల్ సైన్సా, పబ్లిక్ అడ్మినిస్ట్రేషనా? చేరే ముందు ఇంట్లో మాట్లాడుకోవాల్సిన సంగతులు

రాజేంద్రనగర్ పిల్లలు రోజూ కాలేజీకి పోతూ చూసే బోర్డులు మామూలువి కావు. శివరాంపల్లిలో ఐపీఎస్‌లకు శిక్షణనిచ్చే సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీస్ అకాడమీ ఉంది. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ఉంది. వ్యవసాయ అధికారులకు పాఠాలు చెప్పే మేనేజ్ కూడా ఇక్కడే ఉంది. దేశంలో పాలన నడిపేవాళ్లు నేర్చుకోవడానికి వచ్చే చోటు ఇది. అయినా ఇదే ప్రాంతంలో డిగ్రీ అయిపోయిన అమ్మాయి "ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువుతా" అంటే ఇంట్లో వచ్చే మొదటి మాట: "అది చదివితే ఏమొస్తుంది బేటా?"

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. రెండేళ్ల కాలం, ఫీజు, బస్సు చార్జీలు, పెళ్లి మాటలు అన్నీ దాంతో ముడిపడి ఉంటాయి. అందుకే జవాబు కూడా సూటిగా ఉండాలి.

రెండింటికీ తేడా ఏంటి?

రాజనీతి శాస్త్రం, అంటే పొలిటికల్ సైన్స్, అధికారం గురించి అడుగుతుంది. అది ఎవరి చేతిలో ఉంది, ఎలా వచ్చింది, దానికి హద్దులు ఎవరు గీశారు? ప్రభుత్వ పాలనా శాస్త్రం, అంటే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, తీసుకున్న నిర్ణయం జనం గడప దాకా ఎలా చేరుతుందో చూస్తుంది. ఉర్దూలో దీన్నే నజ్మ్-ఒ-నస్ఖ్-ఎ-ఆమ్మా అంటారు.

ఉదాహరణ ఇంటి దగ్గరే ఉంది. రాజేంద్రనగర్ మున్సిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2008 మార్చిలో విమానాశ్రయం తెరుచుకున్నప్పటికి శంషాబాద్ ఇంకా గ్రామ పంచాయతీయే. అది మున్సిపాలిటీ అయింది 2018లో. ఊరిని పట్టణం చేయాలని ఎవరు నిర్ణయిస్తారు, సర్పంచ్ పోయి వార్డు సభ్యుడు వస్తే జనం గొంతు పెరుగుతుందా తగ్గుతుందా అని అడిగేది పొలిటికల్ సైన్స్. ఆ మర్నాటి నుంచి ఇంటి పన్ను ఎవరికి కట్టాలి, బర్త్ సర్టిఫికెట్ ఎవరిస్తారు, నాలా ఎవరు తీయాలి, తీయకపోతే ఎవరిని అడగాలి అని చూసేది పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. 1992లో చేసిన 73, 74 రాజ్యాంగ సవరణలు రెండు సబ్జెక్టుల్లోనూ పాఠాలే.

హైదరాబాద్‌కు ఈ చదువు కొత్తదేం కాదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియాలో చరిత్ర, రాజనీతి శాస్త్రం బోధించిన హరూన్ ఖాన్ షేర్వానీకి 1969లో పద్మభూషణ్ వచ్చింది. ముస్లిం రాజకీయ ఆలోచనను, పాలనను ఒకే పుస్తకంలో కలిపి చర్చించిన పండితుడాయన.

ఉద్యోగం సంగతి

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. గ్రూప్-1కు గానీ సివిల్ సర్వీసెస్‌కు గానీ ఎంఏ అక్కర్లేదు, డిగ్రీ చాలు. కాబట్టి ఆ పరీక్షలు ఒక్కటే లక్ష్యమైతే ఎంఏ తప్పనిసరి కాదు. అలాగని వృథా కూడా కాదు. సివిల్స్ మెయిన్స్‌లో 1750 మార్కులుంటే అందులో 500 ఆప్షనల్ సబ్జెక్టువి. ఈ రెండు సబ్జెక్టులూ ఆ జాబితాలో ఉన్నాయి. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌లో ఆప్షనల్ లేదు గానీ సమాజం, రాజ్యాంగం, పాలన మీద ఒక పూర్తి పేపరు ఉంది. ఆ మెయిన్స్‌ను ఇంగ్లిష్, తెలుగు, ఉర్దూల్లో ఏ భాషలోనైనా రాయొచ్చు.

ఎంఏ లేకుండా అసలు అందనిది టీచింగ్. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పాలంటే పీజీ కావాలి. డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ అయితే దానిపైన నెట్, సెట్ లేదా పీహెచ్‌డీ ఉండాలి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ దొరుకుతుంది. మైనారిటీ పరిశోధకులకు ఇచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నట్టు కేంద్రం 2022 డిసెంబర్‌లో చెప్పాక జేఆర్‌ఎఫ్ విలువ ఇంకా పెరిగింది.

ఎక్కడ చదవాలి?

ఉస్మానియాతో పాటు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటుకు సీపీగెట్ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్‌కు సీయూఈటీ పీజీ రాయాలి. ఇల్లు వదల్లేని వాళ్లకు, పని చేసుకుంటూ చదివేవాళ్లకు 1982లో మొదలైన అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో మళ్లీ స్పష్టం చేసింది.

గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో రెండు సబ్జెక్టులూ ఉర్దూలోనే చెబుతారు. చాలా కుటుంబాలు తడబడేది ఇక్కడే. ఇంట్లో ఉర్దూ మాట్లాడినంత మాత్రాన సరిపోదు. చదువులో ఏదో ఒక దశలో ఉర్దూ మాధ్యమంగానో సబ్జెక్టుగానో ఉండాలి, లేదా గుర్తింపు ఉన్న మదర్సా చదువు ఉండాలి. తెలుగు మీడియంలో చదివిన పిల్లల విషయంలో దీన్ని దరఖాస్తుకు ముందే చూసుకోవాలి.

భాష సంగతి అక్కడితో ఆగదు. నెట్‌లో ఈ సబ్జెక్టుల ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. తెలుగులో చదివినా, ఉర్దూలో చదివినా సబ్జెక్టు పదాల్ని మొదటి సెమిస్టర్ నుంచే ఇంగ్లిష్‌లో కూడా నేర్చుకుంటూ పోవాలి. ఫైనల్ ఇయర్‌లో మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

కాగితాల దగ్గర జాగ్రత్త

రాష్ట్ర విద్యాసంస్థల్లో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. కానీ రాష్ట్రంలో బీసీ-ఇ అయిన ప్రతి వర్గమూ కేంద్ర ఓబీసీ జాబితాలో లేదు. సెంట్రల్ యూనివర్సిటీకి, నెట్‌కు చూసేది ఆ కేంద్ర జాబితానే. అందులో లేని కుటుంబానికి ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉండి, ఆస్తి నిబంధనలు కూడా సరిపోతే ఈడబ్ల్యూఎస్ కింద అవకాశం ఉంటుంది. ఏ పత్రం కావాలో తెలుసుకొని ఫారం నింపేలోపే తెచ్చి పెట్టుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు మైనారిటీ కుటుంబ ఆదాయం గ్రామాల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. ఆదాయ పత్రం మీద చిరునామా గ్రామానిదా పట్టణానిదా అన్నది శంషాబాద్ లాంటి చోట లెక్కలోకి వస్తుంది.

కాబట్టి "ఏమొస్తుంది?" అని అడిగే ముందు "ఏం కావాలనుకుంటున్నావ్?" అని అడగడం మంచిది. కాలేజీలో పాఠాలు చెప్పాలంటే ఎంఏ తప్పదు. ఆఫీసర్ కావాలంటే ఎంఏ సాయపడుతుంది, కానీ పరీక్షకు వేరుగా కష్టపడాలి. ఏదీ తేల్చుకోకుండా, ఖాళీగా ఉండటం ఎందుకని చేరితే మాత్రం రెండేళ్ల తర్వాత అదే ప్రశ్న మళ్లీ ఇంటికొస్తుంది. అప్పుడు జవాబు చెప్పడం ఇంకా కష్టం.