నిద్రకు పెన్నేరు గడ్డ

కంటినిండా నిద్రపోతే మరునాడు పని హుషారుగా సాగుతుంది. నిద్ర లేకపోతే ఒళ్లు బరువు. ఊరికే కోపం. అందుకే అన్ని దేశాలవాళ్లూ నిద్రకు మూలికలు వెతికారు. ఐరోపాలో హాప్స్ అనే తీగ పూలను దిండులో నింపి పడుకునేవారు. మన దేశంలో పేరున్న మూలిక పెన్నేరు గడ్డ. దీన్నే అశ్వగంధ అంటారు.

అశ్వం అంటే గుర్రం. గంధం అంటే వాసన. పచ్చి వేరును నలిపితే గుర్రం వాసన వస్తుంది. శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో 'సోమ్నిఫెరా' అనే మాట ఉంది. నిద్ర తెచ్చేది అని దాని అర్థం.

మొక్క ఎలా ఉంటుంది?

ఇది వంగ, మిరప కుటుంబం మొక్క. ఆకుల మీద సన్నని నూగు ఉంటుంది. పండు ఎర్రగా, చిన్నగా ఉంటుంది. పండు చుట్టూ పల్చని పొర సంచిలాగా ఉంటుంది. కర్నూలు, అనంతపురం వైపు రైతులు దీన్ని సాగు చేస్తారు. ఆదోని, పెద్దకడుబూరు లాంటి వాన తక్కువ చోట్ల కూడా తట్టుకుంటుంది. నీళ్లు నిలిచే నేల పనికిరాదు. నల్లరేగడి కంటే ఎర్ర నేల మేలు. ఐదారు నెలలకు మొక్కను పీకి, వేరు కోసి ఎండబెడతారు.

ఎలా వాడతారు?

ఎండిన వేరును పొడి చేసి, రాత్రి పాలలో కలిపి తాగడం పాత అలవాటు. కొన్ని వారాలు వాడితే నిద్ర కొంత మెరుగైందని, దిగులు తగ్గిందని చిన్న పరిశోధనల్లో తేలింది. ఒక్క రాత్రిలో గుణం కనిపించదు.

ఎవరు వాడకూడదు?

మూలికే కదా, ఏం చేస్తుందిలే అనుకోకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. థైరాయిడ్, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, షుగరు, బి.పి., నిద్రమాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగాలి. కొందరికి దీనివల్ల కామెర్లు వచ్చాయి. కళ్లు పచ్చబడితే వెంటనే మానేసి ఆసుపత్రికి పోవాలి. వేరే వాడాలి. ఆకులు వాడొద్దని 2021లో కేంద్ర ఆయుష్ శాఖ మందుల తయారీదారులకు చెప్పింది.

పొడితో తీరని దిగులు

పంట పోయి, అప్పు పెరిగి నిద్ర పట్టనివాళ్లు ఉంటారు. ఏ పొడీ అప్పు తీర్చదు. రెండు వారాలు నిద్ర లేకపోయినా, అన్నం సయించకపోయినా, చావాలనిపించినా దాచుకోకూడదు. ఇంట్లోవాళ్లతో చెప్పాలి. డాక్టరు దగ్గరికి పోవాలి. 14416కు ఫోన్ చేయవచ్చు. దీని పేరు టెలి మానస్. 2022లో ప్రభుత్వం పెట్టింది. రాత్రీ పగలూ పలుకుతారు. తెలుగులో మాట్లాడతారు. డబ్బు కట్టనక్కర లేదు.

చర్చించండి

1. మీ ఊళ్లో నిద్ర పట్టనివాళ్లకు పెద్దలు ఏమిచ్చేవారు?
2. పెన్నేరు ఎవరు వాడకూడదు?
3. 14416 అంకెలను గోడ మీద రాయండి.