గొడవ బిల్లు కంటే ముందే పుడుతుంది

బట్టల షాపు బిల్లు ఏదైనా తీసి అడుగున చూడండి. మొత్తం, జీఎస్టీ, 'ధన్యవాదములు, మళ్లీ రండి' అన్నీ అయ్యాక, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనపడని సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు'. కొన్నవాళ్ల చేతికి ఈ వాక్యం ఎప్పుడొస్తుంది? చీర ఎంచుకుని, బేరం తెగి, డబ్బు కట్టేశాక. కొనేముందు తెలియాల్సిన షరతు కొన్నాక తెలుస్తోందన్నమాట. నాలుగు రోజులకు కొన్నావిడ అదే చీర సంచిలో పెట్టుకుని తిరిగొచ్చి, కౌంటరు దగ్గర మాటా మాటా పెరిగితే, షాపువాళ్లు ఆమెకు 'తగువుకొచ్చే కస్టమర్' అని పేరు పెడతారు. సేల్స్ కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చేవాళ్లు కూడా ఎక్కువగా ఇలాంటి మనిషిని ఎలా చల్లబరచాలో చెబుతారు. నా అభిప్రాయం వేరు. వాపసు దగ్గర, పెద్ద బిల్లు దగ్గర వచ్చే తగాదాల్లో చాలావాటికి మూలం ముందే చెప్పాల్సిన మాట చెప్పకపోవడంలో ఉంది, కస్టమర్ నోటి దురుసు ఆ తర్వాత సంగతి. మూలాన్ని వదిలేసి చిరునవ్వు నేర్పితే ఆ భారం మోసేది పన్నెండు వేలకో పదిహేను వేలకో కౌంటరు వెనక నిలబడ్డ అమ్మాయి.

ముందు చట్టం ఏమంటుందో చూడాలి, ఎందుకంటే దీని మీద ఇరువైపులా అపోహలున్నాయి. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం (2019) ప్రకారం, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోననడం, డబ్బు తిరిగివ్వననడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు లోపల, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల లోపల ఈ బాధ్యత ఉంటుంది. కాబట్టి 'వాపసు తీసుకోబడదు' అని ఎంత లావు అక్షరాల్లో అచ్చేసినా లోపమున్న సరుకు విషయంలో అది షాపును కాపాడదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఇదే చట్టం కింద తప్పే. అయితే చట్టంలో లేనిది కూడా తెలుసుకోవాలి. రంగు నచ్చలేదనో, అత్తగారు వద్దన్నారనో, పక్క షాపులో తక్కువకు దొరికిందనో తెస్తే తీసుకుని తీరాలని మన చట్టంలో ఎక్కడా లేదు. ఆన్‌లైన్ కంపెనీలు తమంతట తాము ఇచ్చే ఏడు రోజుల, పది రోజుల వాపసు సౌకర్యం జనానికి అలవాటై, అదొక హక్కనే భావన ఏర్పడింది. ఒకవైపు షాపు తనకు లేని అధికారాన్ని బిల్లు మీద అచ్చేసుకుంది. మరోవైపు కొన్నవాళ్లు తమకు లేని హక్కు ఉందనుకుంటూ లోపలికొస్తున్నారు. ఈ రెండూ కౌంటరు దగ్గర ఎదురుపడితే నిప్పు రాజుకోక ఏమవుతుంది?

సికింద్రాబాద్ జనరల్ బజార్లోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో ఒక పట్టుచీర వెనక్కి వచ్చిందనుకోండి. మడత విప్పని చీర వచ్చిందంటే అది మనసు మారిన వ్యవహారం. మొదటి ఉతుకులోనే అంచు రంగు ఒంటి మీదికి దిగి వచ్చిందంటే అది లోపం. ఫాల్ కుట్టి, పీకో చేయించి, పెళ్లిలో కట్టి, కొంగుకు గంధం మరకతో వచ్చిందంటే అది వాడిన సరుకు. మూడింటికీ మూడు జవాబులుండాలి. మొదటిదానికి మార్చివ్వడమో, షాపులోనే వేరేది కొనుక్కునేలా క్రెడిట్ స్లిప్ ఇవ్వడమో చేయొచ్చు, అది షాపు ఇష్టం. రెండోదానికి డబ్బు ఇవ్వాల్సిందే. మూడోదానికి మర్యాదగా కుదరదని చెప్పొచ్చు. మూడింటికీ బిల్లు అడుగున వాక్యం మీద వేలు పెట్టి చూపిస్తేనే చిక్కు. నిజంగా రంగు దిగిన చీర తెచ్చిన మనిషికి మోసగాళ్లకిచ్చే జవాబే దొరుకుతుంది. ఆమె గొంతు లేస్తుంది. లేవడం న్యాయం కూడా.

ఇక పెద్ద బిల్లు. దీనికి నగల షాపును మించిన ఉదాహరణ లేదు. లెక్క సులువుగా ఉండేందుకు గ్రాము పదివేలనుకుని, ఇరవై గ్రాముల హారం తీసుకుందాం. బంగారం విలువ 2,00,000. కొనేవాళ్ల మనసులో ఉన్న అంకె అదే, ఇంటి దగ్గర లెక్కేసుకుని తెచ్చిన డబ్బూ అంతే. తరుగు, మజూరీ కలిపి నూటికి 15 అంటే 30,000. ఆ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 6,900. బిల్లు 2,36,900 అయింది. రాళ్లుంటే వాటి ధర వేరే. గోడ మీద బోర్డులో ఆ రోజు గ్రాము రేటు మాత్రమే మెరుస్తుంటుంది. తరుగు ఎంతో కౌంటర్లో కాలిక్యులేటర్ నొక్కేదాకా తెలియదు. నెల తిరక్కుండా అదే హారం తిరిగి తెస్తే, అదే రేటున్నా, బంగారానికి మాత్రమే విలువ కడతారు, తరుగూ పన్నూ లెక్కలోకి రావు. 36,900 ఎక్కడికి పోయాయని ఇంటావిడ నిలదీస్తే ఆమెను మూర్ఖురాలనడానికి లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. హారం చేతికిచ్చే ముందే ఒక కాగితం మీద బంగారం ఇంత, తరుగు ఇంత, పన్ను ఇంత, తిరిగిస్తే ఇంత వస్తుంది అని నాలుగు వరుసలు రాసి చూపిస్తే, కొందరు కొనకుండా వెళ్లిపోతారేమో కానీ కొన్నవాళ్లు మాత్రం తగువుకు రారు.

స్వచ్ఛత విషయంలో ఇలా ముందే చెప్పే పద్ధతి చట్టమే తెచ్చింది. 2021 జూన్ నుంచి నగలకు హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి, ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరక్షరాల హెచ్‌యూఐడీ సంఖ్య లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఆ సంఖ్యను భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ నగ వివరాలు కొనేవాళ్ల ఫోన్లోనే కనపడతాయి. ముద్రలో చెప్పిన దానికంటే స్వచ్ఛత తక్కువని తేలితే, తక్కువైన విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా చెల్లించాలని నిబంధన. 'మీ బంగారంలో రాగి ఎక్కువ' అనే పాత తగాదాను మాటతో కాకుండా సంఖ్యతో తేల్చుకునే దారి దొరికింది. తరుగు విషయంలో ఆ వెలుగు ఇంకా పడలేదు.

చిన్న మొత్తం దగ్గర కూడా ఇదే సూత్రం పనిచేస్తుందనడానికి చేతిసంచి కేసులు సాక్ష్యం. వేల రూపాయల బిల్లు కట్టడానికి సిద్ధపడి వచ్చిన మనిషి, చివర్లో సంచికి పదో ఇరవయ్యో వేశారని రుసరుసలాడితే షాపువాళ్లకు వింతగా ఉంటుంది. కానీ 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక పెద్ద రిటైల్ సంస్థ కేసులో, సరుకులు ఎంచుకోకముందే ప్రవేశం దగ్గర సంచి ధర తెలపకుండా, బిల్లు దగ్గర అడగడం అనుచిత వ్యాపార పద్ధతి అని చెప్పింది. అక్కడ కమిషన్ పట్టించుకున్నది ముఖ్యంగా చెప్పిన సమయాన్ని. నగదు నియమం దగ్గరా ఇదే తంతు. 2 లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం 2017 ఏప్రిల్ నుంచి నిషేధం, తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా, అదీ తీసుకున్నవాళ్లకే. పెళ్లి బట్టలకు, నగలకు కట్టలు మూటగట్టుకొచ్చిన పెద్దాయనకు ఈ సంగతి క్యాష్ కౌంటరు దగ్గర చెబితే తనను దొంగలా చూస్తున్నారనిపిస్తుంది. లోపలికొచ్చి కూర్చుని మంచినీళ్లు తాగేటప్పుడు చెబితే అదే మాట సమాచారం అవుతుంది.

చెప్పే సమయమే కాదు, చెప్పే తీరూ ముఖ్యమే. మనుషులు తీర్పు కంటే తీర్పు చెప్పిన తీరును ఎక్కువ పట్టించుకుంటారని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ తిబో, న్యాయశాస్త్ర ఆచార్యుడు లారెన్స్ వాకర్ 1975లో ప్రచురించిన అధ్యయనం న్యాయస్థానాల గురించే అయినా దుకాణాలకూ వర్తిస్తుంది. తమ మాట చెప్పుకునే అవకాశం దొరికితే, ఫలితం తమకు వ్యతిరేకంగా వచ్చినా దాన్ని న్యాయమైనదిగా ఒప్పుకునేవాళ్లు పెరుగుతారు. 'ఇది మీరు వాడాక చిరిగింది మేడమ్' అని మొదలెట్టడానికీ, 'ఏమైందో ఒకసారి చూపించండమ్మా' అని చీర చేతిలోకి తీసుకుని వెలుగులో పరిచి చూడటానికీ మధ్య తేడా అంతా ఇదే. మొదటి మాటలో తీర్పు ముందొచ్చింది. రెండోదాంట్లో విచారణ ముందొచ్చింది. చూశాక కుదరదనే చెప్పాల్సి రావచ్చు. అప్పుడు కారణం వేలితో చూపించాలి: ఇక్కడ సూది గుచ్చిన వరుస ఉంది, ఇది ఫాల్ కుట్టినప్పటిది. కుదరనిదాని పక్కనే కుదిరేది కూడా చెప్పాలి: వాపసు ఇవ్వలేం కానీ రఫ్ఫు చేయించి ఇస్తాం. ఇవన్నీ చేయాలంటే కౌంటర్లో ఉన్న మనిషికి కొంత అధికారం ఉండాలి. ఐదొందలదాకానో, వెయ్యిదాకానో అడక్కుండా తేల్చే వీలివ్వకుండా, ప్రతిదానికీ 'ఓనరు గారు లేరు, సాయంత్రం రండి' అనిపిస్తే ఆటో కిరాయి పెట్టుకుని వచ్చిన మనిషికి కోపం రాకుండా ఎలా ఉంటుంది? వాపసు వచ్చిన ప్రతి ముక్కకూ సేల్స్ వాళ్ల ఇన్సెంటివ్‌లో కోత పడితే, వాళ్లు కస్టమర్‌తో పోట్లాడక తప్పదు. ఆ పోట్లాట యజమాని పెట్టించిందే.

దీనికి వ్యాపారుల దగ్గర గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. వాడుకుని తెచ్చేవాళ్లు లేరా? ఉన్నారు. పెళ్లికి కట్టి, ట్యాగు మళ్లీ తగిలించి తెచ్చేవాళ్లూ ఉన్నారు. అయితే తెంపితే మళ్లీ అతకని ట్యాగును కనపడేచోట వేసి, 'ఇది తీశాక మార్చం' అని అమ్మేటప్పుడే నోటితో చెబితే ఆ దారి మూసుకుపోతుంది. కొద్దిమందిని ఆపడానికి అందరికీ తలుపు మూయడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే. రెండో అభ్యంతరం, పన్ను కట్టేశాక డబ్బు ఎలా తిరిగిస్తామని. జీఎస్టీలో క్రెడిట్ నోట్ ఉన్నదే ఇందుకు. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా రిటర్నులో చూపించి పన్ను సర్దుబాటు చేసుకోవచ్చు. మూడోదే నిజంగా బరువైంది. ఊరూరా శాఖలున్న పెద్ద షాపులు తట్టుకుంటాయి, ఆషాఢం తగ్గింపులో కొద్ది లాభానికి అమ్ముకునే చిన్న దుకాణం ఎలా తట్టుకుంటుంది? నేను చిన్న షాపును ఉదారంగా ఉండమనడం లేదు. తగ్గింపు సరుకు నచ్చలేదని తెస్తే తీసుకోబోమని చెప్పుకునే హక్కు దానికుంది. ఆ మాటను బిల్లు అడుగు నుంచి తీసి, అమ్మే బల్ల ఎదురుగా తెలుగులో పెద్దగా రాసిపెట్టడానికి ఒక అట్టముక్క ఖర్చు చాలు.

ఇన్ని చేశాక కూడా నోరు పారేసుకునేవాళ్లు మిగులుతారు. అక్కడ 'కస్టమర్ దేవుడు' అనే పాట ఆపాలి. కస్టమర్ ఎప్పుడూ తప్పు చేయడనే నినాదాన్ని వందేళ్ల కిందట షికాగోలో మార్షల్ ఫీల్డ్, లండన్‌లో 1909లో దుకాణం తెరిచిన సెల్ఫ్రిడ్జ్ వంటి వ్యాపారులు ప్రచారంలోకి తెచ్చారు. కొన్నవాళ్లను మోసగించడమే మామూలైన కాలంలో అది మంచి మందు. ఈరోజు దాన్ని పట్టుకుని పదిగంటలు నిలబడ్డ అమ్మాయి మీద 'నీకేం తెలుసు, మీ ఓనర్ని పిలువు' అని అరిచే హక్కు ఎవరికీ లేదు. లోపలి మనసును అణచుకుని పైకి నవ్వడం కూడా ఒక శ్రమేనని, దానికీ అలసట ఉంటుందని సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే విమాన సిబ్బందిని పరిశీలించి రాశారు. కస్టమర్ల వేధింపులను నివారించేందుకు టోక్యో నగర ప్రభుత్వం ప్రత్యేక ఆర్డినెన్స్ చేసి 2025 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తోంది. మన పక్కన కేరళ 2018లో, తమిళనాడు 2021లో, షాపుల్లో పనిచేసేవాళ్లు కూర్చునే వీలు కల్పించాలని చట్టం మార్చాయి. కుర్చీకీ తగాదాకూ ఏమిటి సంబంధం అనుకోవద్దు. కాళ్లు పీకుతున్న మనిషి దగ్గర ఓర్పు వెతకడం అన్యాయం. బూతులు మొదలవగానే యజమానే ముందుకొచ్చి 'మీ సమస్య నేను చూస్తాను, మా పిల్లను మాత్రం అనకండి' అని నిలబడితే, ఆ ఒక్కమాటతో పనివాళ్లకు కలిగే ధైర్యం ఏ శిక్షణా ఇవ్వలేదు.

కొనేవాళ్లకు ఒక మనవి. డబ్బు కట్టకముందే రెండు ప్రశ్నలు అడగండి: మొత్తం ఎంతవుతుంది, తేడా వస్తే ఏం చేస్తారు? బిల్లు అడిగి తీసుకోండి, దాచుకోండి. లోపమున్న సరుకును తీసుకోనంటే కౌంటర్లో ఉన్న పిల్ల మీద అరవకండి, ఆ నిర్ణయం ఆమెది కాదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. కొన్న విలువ 5 లక్షల లోపైతే దానికి రుసుం లేదు.