అడగని అప్పును ఆపడం ఎలా?

"అభినందనలు! మీకు 2 లక్షల రుణం ముందే మంజూరైంది. ఒక్క క్లిక్ చాలు." స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతాలకూ ఇలాంటి మెసేజ్‌లు వస్తున్నాయి. చదువు రుణానికో, ఎస్సీ కార్పొరేషన్ యూనిట్‌కు కాన్సెంట్ లెటర్ కోసమో బ్యాంకుకు వెళితే మాత్రం "మేనేజర్ గారు లేరు, వచ్చే వారం రండి" అన్న మాట మన వాళ్లలో చాలామంది విన్నదే. అడిగిన అప్పు దొరకదు, అడగని అప్పు ఇంటికొస్తుంది.

దళితులకు అప్పు ఎప్పుడూ డబ్బు లెక్క మాత్రమే కాదు. దొర దగ్గర తీసుకున్న చిన్న అప్పుకు తండ్రి పాలేరైతే, కొడుకూ అదే కాడి మోశాడు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చాక కూడా అప్పు రూపం మార్చుకుందే తప్ప పట్టు వదల్లేదు. అందుకే ఈ మెసేజ్‌లను ఆపడం రాజకీయ అవసరం కూడా అని మేం భావిస్తున్నాం.

"ముందే మంజూరు" అనేది వ్యాపార భాష. ఖాతాలో డబ్బు రాకపోకలు, క్రెడిట్ స్కోరు చూసి బ్యాంకు ఒక జాబితా తయారు చేసుకుంటుంది. అసలు నిర్ణయం మనం దరఖాస్తు చేశాకే. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు అప్పుడే బయటపడతాయి. దరఖాస్తు చేసిన ప్రతిసారీ ఆ ఎంక్వైరీ మన క్రెడిట్ రిపోర్టులో నమోదవుతుంది. వరసగా నాలుగైదు చోట్ల నొక్కితే, రేపు నిజంగా చదువు రుణం కావాల్సినప్పుడు అదే అడ్డం కావచ్చు.

ఆపడానికి ఉన్న దారులు ఇవి.

మొదటిది, 1909. ఈ నంబరుకు ఫోన్ చేసి ప్రచార కాల్స్, మెసేజ్‌లు వద్దని నమోదు చేసుకోవచ్చు. అన్నీ ఆపమనవచ్చు, లేదా బ్యాంకింగ్, క్రెడిట్ కార్డుల విభాగం ఒక్కటే ఆపమనవచ్చు. ఆ తర్వాత కూడా వస్తే అదే 1909కి ఫిర్యాదు చేయాలి.

రెండోది, మన సంతకం. ఖాతా తెరిచేటప్పుడు ఫారంలో ప్రచారానికి ఒప్పుకున్నట్టు టిక్ పడి ఉంటే 1909 ఒక్కటే సరిపోదు. "నా సమ్మతిని వెనక్కి తీసుకుంటున్నాను, రుణాలు, కార్డుల ప్రచారం ఆపండి" అని బ్రాంచికి రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. బ్యాంకు యాప్ సెట్టింగ్స్‌లోనూ ఆపండి.

మూడోది, అడగకుండా వచ్చే క్రెడిట్ కార్డు. 2022 రిజర్వ్ బ్యాంక్ ఆదేశాల ప్రకారం అడగని కార్డు ఇవ్వడం నిషిద్ధం. ఇచ్చి బిల్లు కూడా వేస్తే, ఆ చార్జీలు రద్దు చేసి, వాటికి రెట్టింపు మొత్తం జరిమానాగా మనకు చెల్లించాలి. అలాంటి కార్డు వస్తే ఓటీపీ చెప్పకండి, యాక్టివేట్ చేయకండి.

నాలుగోది, క్రెడిట్ రిపోర్టు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ ఒక్కొక్కటీ ఏడాదికోసారి ఉచితంగా పూర్తి రిపోర్టు ఇవ్వాలి. మన ఆధార్, పాన్‌లతో మనకు తెలియని అప్పు ఎవరైనా తీశారేమో అందులో కనిపిస్తుంది. తప్పు ఉంటే సరిచేయమని రాయండి. 30 రోజులు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం అడగవచ్చు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. వివరాలకు 14448.

లోన్ యాప్‌ల సంగతి వేరు. 2020 డిసెంబరులో తెలంగాణలో యాప్‌ల వేధింపులు ప్రాణాలు తీశాకే దేశం వాటి వైపు చూసింది. 2022 సెప్టెంబరు నిబంధనల ప్రకారం రుణ యాప్ మన ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు తీసుకోకూడదు. వాటికి అనుమతి అడిగితే ఆ యాప్ తీసేయండి. మోసపోతే వెంటనే 1930కి చెప్పండి. ఇప్పటికే అప్పులో ఉన్నవాళ్లు భయపడి దాక్కోవద్దు. వసూలుకు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఎస్సీ, ఎస్టీ కాని ఏజెంటు నలుగురిలో కులం పేరుతో తిడితే అది వసూలు కాదు, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం.

అమెరికాలో ఇలాంటి ఆఫర్లు ఎక్కువగా పోస్టులో వస్తాయి. అక్కడి చట్టం ప్రకారం క్రెడిట్ బ్యూరోలకు ఒక్క విన్నపంతో 5 ఏళ్లు, సంతకం చేసిన ఫారంతో శాశ్వతంగా వాటిని ఆపవచ్చు. అక్కడ చదువుకుంటున్న మన విద్యార్థులు దాన్ని వాడుకోవాలి. ఇక్కడ మనం ఒక్కో తలుపు విడివిడిగా మూసుకోవాల్సి వస్తోంది. అలాంటి ఒకే హక్కును ఇక్కడా అడగాలి.

దానితో పాటు రెండో డిమాండ్ కూడా ఉండాలి. చదువు రుణాన్ని 7.5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇవ్వడానికి కేంద్రం క్రెడిట్ గ్యారంటీ పథకం ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయినప్పుడే పిల్లలు యాప్‌ల వైపు చూస్తారు. బకాయిలు తీర్చండి, అడిగిన అప్పు ఇవ్వండి, అడగనిది ఆపండి. హాస్టల్ మీటింగుల్లో ఈ మూడూ కలిపే మాట్లాడదాం.